మైకు లేని డ్రైవరు

“వైరు ఇవ్వమ్మా.”

“ఇవ్వను.”

తండ్రి వెనకగది గుమ్మంలో నిలబడి చెయ్యి చాపాడు. కూతురు హాల్లో నిలబడి హ్యాండ్‌బ్యాగు జిప్పు బర్రున లాగేసింది. కంప్యూటరు నుంచి ఊడబెరికిన నల్ల వైరు ఆ బ్యాగులోనే ఉంది. కోపంలో కుక్కడంతో దాని ప్లగ్గు మాత్రం బయటే ఉండిపోయింది.

“గేటు దగ్గర ఒక్కతే నిలబడింది నాన్నా! పిల్లలందరూ వెళ్ళిపోయాక, వాచ్‌మన్ స్టూలు పక్కన. బళ్ళోంచి ఫోనొస్తే, నోరు తెరిచిన పేషెంటును తెరిచినట్టే కుర్చీలో వదిలేసి పరిగెత్తాను. నువ్వేమో ఇక్కడ తలుపులేసుకుని యుద్ధం చేస్తున్నావు.”

గేటు దగ్గర నిలబడ్డది ఆమె కూతురు. ఇంట్లో అందరూ పిచ్చుక అంటారు. ప్రస్తుతం ఆ పిచ్చుక వంటింటి గట్టు మీద కూర్చుని రొట్టెకు జామ్ పూసుకుంటూ, ఇంత గొడవా తన గురించేనని గర్వంగా వింటోంది.

“రోజూ తీసుకొచ్చేది నువ్వే కదా? ఇవాళేమైంది?”

తండ్రి చాపిన చెయ్యి దించాడు. “ఇవాళ బడి ఉందా?” అన్నాడు.

“బడి ఉందా?” కూతురి గొంతు పైకి లేచింది. “విన్నావా నాన్నమ్మా? బడి ఉందా అంటున్నాడు!”

ఆయన ఒక్క క్షణం కూతురి మొహంలోకి చూశాడు. తరవాత గోడమీది కేలెండరు వైపు చూశాడు. అప్పుడు సర్దుకున్నాడు.

“ఆటలో పడ్డాను. ఆటలో పడి టైము చూసుకోలేదు. తప్పే.”

వీధిలో ఆయన్ని కమాండరు అంటారు. సైన్యంలో ట్యాంకు కమాండరుగా చేసి రిటైరైన మనిషి. ఆయన గేటు తీసిన చప్పుడును బట్టి ఎదురింటివాళ్ళు గడియారం సరిచేసుకుంటారు. సాకు చెప్పడం ఎరగడు. అసలు మాట్లాడటమే తక్కువ. అలాంటి మనిషి గబగబా సాకు అందుకోవడం అక్కడున్నవాళ్ళలో ఒక్కరికి వింతగా తోచింది. కానీ ఆ ఒక్కరూ అప్పుడు తేలు కుట్టిన దొంగలా ఉన్నారు కాబట్టి, ఆ వింత సంగతి అక్కడితో వదిలేశారు.

ఆ ఒక్కరూ ఆయన భార్య, టైలరమ్మ.

ముందుగది ఆవిడ దుకాణం. మెడలో టేపు, చేతిలో సగం గుండీలు పడ్డ ఎర్ర కోటు పట్టుకుని గుమ్మం దాకా వచ్చి ఆగింది. ఊళ్ళో పెద్ద హోటలు ముందు తలుపులు తీసేవాళ్ళ కోసం కుడుతున్న కోట్లవి.

“అమ్మా, గడియారం నీ గదిలోనే ఉంది కదా? నువ్వైనా చూళ్ళేదా?”

“కోట్లు... తల ఎత్తలేదే.”

హాల్లో పడక్కుర్చీ మీద ముసలావిడ, అంటే కమాండరు తల్లి, రేడియో చెవికి ఆనించుకుని ఉంది. అందులో బ్యాటరీలు పోయి చాలా కాలమైంది. ఇంట్లో మాటలు వినాలనుకున్నప్పుడు ఆవిడ ఆ రేడియో పట్టుకుంటుంది.

“మిషను చప్పుడు మాత్రం వినపళ్ళేదమ్మాయ్,” అంది, ఎవరినీ చూడకుండా.

“గుండీలు అత్తయ్యా. చేతికుట్టు.”

“ఓహో. గుండీలా.”

కూతురు వినిపించుకునే స్థితిలో లేదు. ఆమె పళ్ళ డాక్టరు. నోరు తెరిచి కూర్చున్నవాళ్ళతోనే రోజంతా మాట్లాడీ మాట్లాడీ, ఎదుటివాళ్ళు జవాబు కూడా చెబుతారన్న సంగతి మరిచిపోయింది.

“రేపు సెలవు. సాయంత్రం మీ అల్లుడు కారేసుకొస్తాడు. ఆ పెట్టె, ఆ తెర, ఆ హెడ్‌ఫోను, అన్నీ ఎక్కించేస్తాం. ఇంక దాని గురించి మాట్లాడొద్దు. ఇన్నాళ్ళూ పోనీలే, పొద్దుపోతుందిలే అనుకున్నాను. ట్యాంకు ఆటేంటి నాన్నా, ఈ వయసులో? నిజం ట్యాంకు ఇన్నేళ్ళు తోలావు, చాల్లేదా?”

“నేను తోలలేదు,” అన్నాడు కమాండరు. “తోలేది డ్రైవరు.”

ఆ మాటన్నాక ఆయన గదిలోకి వెళ్ళి, చీకటి పడ్డ తెర ముందు కుర్చీలో కూర్చున్నాడు. తలుపు వెయ్యలేదు. వేసినా బాగుండేది. ఖాళీ తెర ముందు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న ఆయన్ని అందరూ చూడాల్సొచ్చింది.

కూతురికి కూడా ఆ దృశ్యం నచ్చలేదు. అయినా వైరు ఇవ్వలేదు. పిచ్చుకను చంకనేసుకుని వెళ్ళిపోయింది.

*

ముందుగదిలోకి వచ్చి టైలరమ్మ తలుపు దగ్గరగా వేసింది. ఎర్ర కోట్ల గుట్ట కింద చెయ్యి పెట్టి ల్యాప్‌టాప్ బయటికి తీసింది. అది ఇంకా వెచ్చగానే ఉంది. తెర మీద ఒకటే మాట నిలిచిపోయి ఉంది: కమాండరు లైనులో లేరు.

బడి గంట కొట్టినప్పుడు ఆవిడ గుండీలు కుట్టడం లేదు. అదే ట్యాంకులో, ఆయన కాళ్ళ కింద, డ్రైవరు సీట్లో ఉంది.

చదివేవాళ్ళకు నవ్వు రావచ్చు. ఆవిడకు మాత్రం ఇప్పుడు నవ్వు రావడం లేదు.

ఇది ఎలా మొదలైందంటే, ఉండబట్టలేక మొదలైంది. అన్నం ముందు కూర్చుని “ఉప్పు” అనే మాట కూడా అనకుండా వేలితో చూపించే మనిషి, వెనకగదిలో తలుపేసుకుని ఎవరితోనో నవ్వుతున్నాడు. “ఏముందండీ అందులో?” అని అడిగితే, “ఏముంది, ట్యాంకు,” అన్నాడు. అదొక జవాబా? ఆయన బయటికి వెళ్ళినప్పుడు వెనకనుంచి తెర చూసింది. పేలుళ్ళూ మంటలూ ఉంటాయనుకుంది. గడ్డి ఉంది. గాలికి ఊగుతున్న గడ్డి, దూరంగా ఒక రోడ్డు, అంతే.

కొండను తవ్వి ఎలుకను పట్టినట్టయింది ఆవిడకు. కానీ ఆ ఎలుక ఎందుకంత ముద్దో తెలుసుకోకపోతే నిద్రపట్టని స్వభావం.

కోట్ల డిజైన్లు చూసుకోమని కూతురిచ్చిన పాత ల్యాప్‌టాప్‌లో అదే ఆట ఎక్కించింది. పిల్లలాట కాదది. దానికో పుస్తకం ఉంది, అందులో బొమ్మలున్నాయి. ఇంజను ముందు వేడెక్కించాలి, తరవాత కదలాలి. మెత్తటి నేల మీద ఒక్కసారిగా తిప్పితే చక్రాల మీది ఇనప పట్టా ఊడిపోతుంది. ఊడితే ఆట ఆగిపోదు, దిగి బిగించుకోవాలి, అదీ నిజంగా పట్టేంతసేపూ పడుతుంది. మొదట్లో ఆవిడ ట్యాంకును కాలవలో ముంచింది, చెట్టుకు కొట్టింది, గోతిలో దించి ఎక్కించలేక కంప్యూటరు కట్టేసి వెళ్ళి వంట చేసుకుంది.

తరవాత పట్టు చిక్కింది. బట్ట మందం మారినచోట మిషను చప్పుడు మారుతుంది. నేల మెత్తబడినచోట ఇంజను చప్పుడూ అలాగే మారుతోంది. ఆ చప్పుడు పట్టుకున్నాక ఇంక చూడాల్సింది పెద్దగా లేదు. చూడటానికి ఏమీ కనపడదు కూడా. డ్రైవరుకున్న కిటికీ పోస్టు డబ్బా నోరంత. అందులోంచి ముందున్న గడ్డి తప్ప ఏదీ కనపడదు. ఎటు వెళ్ళాలో, ఎక్కడ ఆగాలో, గట్టు అవతల ఏముందో, అన్నీ పైన తల బయటపెట్టి కూర్చున్న కమాండరే చెప్పాలి.

ఒక మధ్యాహ్నం ఆయన పేరు పక్కన ‘డ్రైవరు కావాలి’ అని కనపడింది. ఆ ట్యాంకులో మిగతావాళ్ళను కంప్యూటరే ఆడిస్తుంది. డ్రైవరు మాత్రం మనిషే కావాలని ఆయన పట్టు. ఆవిడ ‘కొత్తవాడు’ అని పేరు పెట్టుకుని ఎక్కేసింది.

“మైకు ఉందా?” అన్నాడు హెడ్‌ఫోనులో ఆయన.

లేదని టైపు చేసింది.

“పర్లేదు తమ్ముడూ. డ్రైవరుకు చెవులుంటే చాలు.”

పెళ్ళయిన ఇన్నేళ్ళకు మొగుడు తనను తమ్ముడూ అని పిలవడం ఆవిడకు భలే తమాషాగా అనిపించింది. ఆ తమాషా కోసం రెండోరోజు ఎక్కింది. మూడోరోజు నుంచి ఆయన మాటల కోసం ఎక్కడం మొదలుపెట్టింది.

ఎందుకంటే ఆ ఆటలో ఎక్కువసేపు ఏమీ జరగదు. చెట్టు నీడన ఇంజను ఆపుకుని, రోడ్డు మీదికి ఎవరైనా వస్తారేమోనని చూస్తూ కూర్చోవాలి. అప్పుడు ఆయన మాట్లాడతాడు. తన చిన్నప్పటి సైకిలు గురించి, సైన్యంలో చలి గురించి, ఒకసారి ట్యాంకులో ఉడతపిల్ల దూరిన సంగతి. ఉడత కథ రెండుసార్లు చెప్పాడు. రెండోసారి కూడా మొదటిసారి చెబుతున్నట్టే చెప్పాడు. వయసు మీద పడితే అంతే అనుకుంది ఆవిడ.

ఒకరోజు, “మా ఇంట్లో ఆవిడ ఉంది తమ్ముడూ,” అన్నాడు. “ఎలాంటి చిరుగైనా ఇవ్వు, చిరగనట్టే చేసిస్తుంది.” ఆ సాయంత్రం ఆవిడ సూది వేలికి గుచ్చుకుంది. నొప్పి తెలియలేదు.

ఇవాళ బడి గంట వేళ గడియారం చూడకపోలేదు. చూసింది. ‘ఆయన కదలడం లేదంటే ఇవాళ అల్లుడు తీసుకొస్తాడేమో, ఆయన లెక్క ఆయనకుంటుంది’ అనుకుంది. అంతగా నమ్మడం అలవాటైపోయింది. అదే సమయానికి ఆయన గొంతు తగ్గించి మొదలుపెట్టాడు.

“తమ్ముడూ, ఒక సంగతి చెప్పాలి. ఇంట్లో చెప్పలేనిది. నీకు నేనెవరో తెలీదు, నాకు నువ్వెవరో తెలీదు, అందుకని నీకైతే చెప్పొచ్చు. మొన్న నేను...”

అక్కడ కూతురు వైరు పీకింది.

మొన్న నేను? మొన్న ఏమిటి? ఎక్కడికి వెళ్ళాడు? ఎవర్ని కలిశాడు? టైలరమ్మ ఆ రెండు మాటలనూ తిప్పి తిప్పి చూసింది. రేపు సాయంత్రం ఆ పెట్టె కారెక్కితే, ఈ మాటకు మిగతా సగం ఈ జన్మలో వినపడదు. ఆయన ఇంట్లో ఎవరికీ చెప్పడు. చెప్పగలిగిన ఒక్క మనిషీ మాయమైపోతాడు.

తలుపు కిర్రుమంది. అత్తగారు లోపలికొచ్చింది, రేడియోతో సహా.

“జుట్టు సర్దుకో. చెవుల మీద హెడ్‌ఫోను అచ్చు అలాగే ఉంది.”

టైలరమ్మ చెయ్యి ఠక్కున జుట్టు మీదికి వెళ్ళింది. “మీకెప్పట్నుంచి తెలుసత్తయ్యా?”

“నీ మిషను ఎన్నాళ్ళ నుంచి మధ్యాహ్నం పూట నోరు మూసుకుందో అన్నాళ్ళ నుంచి. చప్పుడైతే నిద్రపడుతుంది నాకు, చప్పుడు ఆగితేనే మెలకువ.”

“ఎవరికైనా చెప్పారా?”

“నా నోట్లో నువ్వుగింజ నానదని నువ్వే కదా అందరికీ చెబుతావు? నానబెట్టాను చూడు, మొలకలు కూడా వచ్చాయి.” ముసలావిడ కోట్ల గుట్ట మీదే కూర్చుంది. “ఏమంటాడు నా కొడుకు? నీతో ఏం మాట్లాడతాడు?”

“అన్నీ మాట్లాడతారు.”

ముసలావిడ ఒక కోటు గుండీ పట్టుకు లాగి చూసింది. కన్నతల్లితో కూడా అన్నీ మాట్లాడిన మనిషి కాదు మరి.

“అత్తయ్యా, ఆయన ఏదో చెప్పబోయారు. ఇంట్లో చెప్పలేనిదట. ఏమయ్యుంటుంది?”

“ఆడదా?”

“ఛ.”

“అదే నేనూ అనుకున్నాలే. అంత ఓపిక లేదు వాడికి.” ముసలావిడ రేడియో మీట అటూ ఇటూ తిప్పింది. “మంచివాడైపోయాడమ్మాయ్ ఈ మధ్య. మందేసుకున్నావా అమ్మా అని అడుగుతాడు. ఏసుకున్నానంటే వెళ్ళిపోయి, మళ్ళీ వచ్చి మందేసుకున్నావా అమ్మా అంటాడు. ఇన్నాళ్ళకు తల్లి మీద ప్రేమ పుట్టుకొచ్చింది.”

ఇద్దరూ నవ్వారు. నవ్వాక టైలరమ్మ మొహంలో నవ్వు కాసేపు అలాగే ఉండి, మెల్లగా పోయింది. ఎందుకు పోయిందో ఆవిడకే తెలియలేదు.

“రేపొక్కసారి ఆడనివ్వమని దాన్ని అడగండి అత్తయ్యా. మీరడిగితే కాదనదు.”

“వాడి కోసమా, నీ కోసమా?”

“నాకు వినాలనుంది,” అంది టైలరమ్మ.

*

“ఉరికంబం ఎక్కేవాణ్ణి కూడా ఆఖరి కోరిక అడుగుతారే,” అని నాన్నమ్మ ఫోనులో అన్న మాటకు కూతురు లొంగింది. అయితే షరతు పెట్టింది. హెడ్‌ఫోను పెట్టుకోవడానికి వీల్లేదు. స్పీకర్లు పెట్టాలి, మైకు బల్ల మీద ఉండాలి. పక్కన తను కూర్చుంటుంది. అందులో అంత మునిగిపోయే సంగతి ఏముందో తన కళ్ళతో చూస్తుంది.

మర్నాడు పొద్దున పిచ్చుకను దాని తండ్రి దగ్గర వదిలేసి, బ్యాగులో వైరుతో ఒక్కతే వచ్చింది. వైరు పెట్టింది, స్టూలు లాక్కుని కూర్చుంది.

“అమ్మ ఏదీ?”

“కోట్లు,” అంది నాన్నమ్మ పడక్కుర్చీలోంచి. “గుండీలు ఇంకా అవలేదట.”

ముందుగదిలో తలుపు వేసుకుని టైలరమ్మ హెడ్‌ఫోను పెట్టుకుంది.  తెర మీద ఆయన పేరు వెలిగింది. ఆవిడ ఎక్కింది.

“వచ్చావా తమ్ముడూ,” అన్నాడు కమాండరు. “నిన్న ఇంట్లో కరెంటు పోయింది.”

కూతురు స్టూలు మీద కదిలింది. తండ్రి గొంతులో అంత చనువు ఆమె ఎప్పుడూ వినలేదు.

“ఎవరు నాన్నా?”

“డ్రైవరు. మైకు లేదు. చెయ్యి మాత్రం బంగారం.”

ముందుగదిలో ఆ బంగారం లాంటి చెయ్యి మొదటి గేరు వేసింది.

ఇవాళ పని చిన్నదే. గట్టు వెనక దాక్కుని, రోడ్డు మీది రాకపోకలు చూసి చెప్పాలి. ట్యాంకు మొత్తం గట్టెక్కితే అవతలివాళ్ళకు దొరికిపోతుంది, ఎక్కకపోతే ఏమీ కనపడదు. కమాండరు తల, తుపాకి మాత్రమే పైకి తేలేంతవరకు పాకాలి.

“మెల్లగా... ఇంకొంచెం... మెల్లగా... ఆగు. శెభాష్ తమ్ముడూ.”

కూతురు ముందుకు వంగింది. “ఎలా తెలిసింది అతనికి, అక్కడ ఆపాలని?”

“వాడికి తెలీదు. వాడికి గట్టు తప్ప ఏం కనపడదు. నేను ఆగు అంటే ఆగాడు.”

“నువ్వు తప్పు చెబితే?”

“అందరం పోతాం.”

“మరి భయం ఉండదా అతనికి?”

“ఉంటుంది. ఉన్నా నమ్ముతాడు. అందుకే డ్రైవరుకు అబద్ధం చెప్పకూడదు. మాకొక నియమం ఉండేది. కమాండరు కంట్లో దుమ్ము పడ్డా, దెబ్బ తగిలినా, చూపు సరిగ్గా ఆనకపోయినా, మొట్టమొదట డ్రైవరుకు చెప్పాలి. పై ఆఫీసరుకు తరవాత. ఎందుకంటే వాడు నీ కళ్ళతో నడుస్తున్నాడు.”

కూతురు తండ్రి వైపు తిరిగింది. ఆయన ఒక్కబిగిన అన్ని మాటలు చెప్పడం ఆమెకు అదే మొదటిసారి. ఇంకా అడగాలనిపించింది. చలికాలంలో లోపల ఎలా ఉంటుంది, కాళ్ళు చాపుకోడానికి చోటుంటుందా, ఎండకు ఇనుము కాలదా, భోజనం ఎలా చేసేవాళ్ళు. ఆయన అన్నిటికీ జవాబు చెప్పాడు. ఉడత కథ కూడా చెప్పాడు. కూతురు పకపకా నవ్వింది. హెడ్‌ఫోనులో ఆ నవ్వు విని టైలరమ్మ కళ్ళు తుడుచుకుంది. ఉడత కథ వినడం ఆవిడకు ఇది మూడోసారి.

“ఇంతసేపూ ఏమీ జరగదేంటి నాన్నా?”

“జరగదు. చూస్తూ ఉండటమే పని.”

రోడ్డు మీద ఏదో కదిలింది. కమాండరు గొంతు మారింది. “తమ్ముడూ, సిద్ధంగా ఉండు. రెండు బళ్ళు. ఎడమ నుంచి వస్తున్నాయి, ఆ... ఆ... దాని మీదికి.”

“దేని మీదికి?” అంది కూతురు.

“అదే. నీళ్ళ మీద ఉంటుంది కదా. మనుషులు దాటేది.”

“వంతెనా?”

“ఆ. వంతెన.”

కూతురు నవ్వింది. “కంగారులో మాట కూడా రాలేదు చూడు!”

తండ్రీ నవ్వాడు. టైలరమ్మ నవ్వలేదు. మొన్న ఇస్త్రీ పెట్టెను చూపించి ఆయన ‘ఆ వేడిది’ అన్నాడు. అంతకు ముందు తాళాన్ని ఏదో అన్నాడు. నిన్న ‘ఇవాళ బడి ఉందా’ అన్నాడు. మందేసుకున్నావా, మందేసుకున్నావా. విడివిడిగా పడున్న ముక్కలన్నీ ఆవిడ చేతికింద ఒక్కొక్కటిగా కలుస్తున్నాయి. ఏ బట్ట తయారవుతోందో ఆవిడకు అర్థమైంది. అర్థం కాకుండా ఉంటే బాగుండుననిపించింది.

బళ్ళు వంతెన దాటి వెళ్ళిపోయాయి. మళ్ళీ గడ్డి, గాలి.

“అమ్మా, దాహమేస్తోంది,” అన్నాడు కమాండరు కూతురితో. “కాసిని నీళ్ళు పట్రా.”

కూతురు లేచింది. ఆమె అడుగులు వంటింటి వైపు వెళ్ళేదాకా ఆయన ఆగాడు.

“తమ్ముడూ, మా అమ్మాయి నీళ్ళకు వెళ్ళింది. తొందరగా చెప్పేస్తాను. నిన్న నా మనవరాలిని బడి నుంచి తీసుకురావడం మరిచిపోయాను. ఆటలో పడి కాదు. ఆ పిల్లను తీసుకురావాలన్న సంగతే నాలో లేదు. బడి, గేటు, ఆ దారి, ఏదీ లేదు, తుడిచేసినట్టు. మొన్న మా వీధి మలుపులో నిలబడిపోయాను. కుడికా, ఎడమకా? ఎంతసేపు నిలబడ్డానో తెలీదు. ఒక కుక్క మా ఇంటి వైపు వెళుతుంటే దాని వెనకే వెళ్ళాను.”

ఆయన నవ్వబోయాడు కానీ నవ్వు రాలేదు.

“ఈ సీట్లో కూర్చుంటే అన్నీ ఉంటాయి. ఏ మీట ఎక్కడో, ఏ మాట తరవాత ఏ మాటో. అందుకే రోజూ కూర్చుంటున్నాను, ఇంకా ఉన్నాయో లేదో చూసుకోడానికి. ఇవాళ ఇక్కడ కూడా ఒక మాట పోయింది. విన్నావు కదా. వీళ్ళందరూ ఆట పిచ్చి అనుకుంటున్నారు. అనుకోనీ. ఆట పిచ్చి అయితే కోప్పడతారు. ఇదని తెలిస్తే నన్ను చూసి ఏడుస్తారు. మా ఆవిడ ఏడిస్తే నేను చూళ్ళేను.”

ముందుగదిలో టైలరమ్మ అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది.

“సాయంత్రం ఈ పెట్టె తీసుకుపోతారు. నీకు చెప్పకుండా వెళ్ళడం పద్ధతి కాదు. నా చూపు ఆనడం లేదు తమ్ముడూ. ముందు నీకే చెబుతున్నాను.” ఒక్క క్షణం ఆగాడు. తరవాత ప్రతిరోజూ అడిగే మాటే, ప్రతిరోజూ అడిగినట్టే అడిగాడు. “డ్రైవర్, వింటున్నావా?”

రోజూ ఆ మాటకు ‘విన్నాను’ అని టైపు చేస్తుంది. వేళ్ళు అక్షరాల మీదికి వెళ్ళాయి. టైపు చేస్తే చాలు. తమ్ముడిగానే ఉండిపోవచ్చు. ఆయన దాచుకున్నది ఆయన దగ్గరే ఉంటుంది, తన రహస్యం తన దగ్గర ఉంటుంది, సాయంత్రం కారు వస్తుంది, రేపటి నుంచి ఆయన మళ్ళీ వేలితో ఉప్పు చూపిస్తాడు. ఇంకో మలుపులో నిలబడ్డప్పుడు కుక్క రావచ్చు, రాకపోవచ్చు.

ఇన్నాళ్ళూ ముట్టుకోని మైకు మీట ఆవిడ నొక్కింది.

“వింటున్నానండీ.”

కూతురు అప్పుడే గ్లాసుతో హాల్లోకి వచ్చింది. ముందుగది తలుపు వెనక నుంచి తల్లి గొంతు వినపడింది. అడుగు వేసేలోగా అదే మాట, అదే గొంతు, వెనకగది స్పీకర్లలోంచి వినపడింది. ఆమె రెండు గదుల మధ్య అలాగే నిలబడిపోయింది. గ్లాసులోంచి నీళ్ళు ఒలికి పాదాల మీద పడ్డాయి.

పడక్కుర్చీలో ముసలావిడ రేడియో ఒళ్ళోకి దించింది.

స్పీకర్లలో ఇంజను గుడగుడమంటూనే ఉంది. గడ్డి ఊగుతూనే ఉంది.  వెనకగదిలో కుర్చీ జరిగిన చప్పుడు లేదు, కోపం లేదు. టైలరమ్మ మీట మీది నుంచి వేలు తియ్యలేదు.

తరవాత ఆయన గొంతు వచ్చింది. ఎన్ని దారుల్లోనో, ఎందరు డ్రైవర్లకో దారి చెప్పిన గొంతు. ఈసారి ఆ గొంతు దారి చెప్పలేదు.

“ఇప్పుడు ఎటు?” అని అడిగింది.